పాత ఇనుప కుట్టు మిషన్: ఇంట్లో ఆల్టరేషన్ పని మొదలుపెట్టడానికి ఎంతవరకు పనికొస్తుంది?

చేతిలో డబ్బు లేకుండా ఇంట్లోనే ఏదైనా పని మొదలుపెట్టాలనుకుంటే ముందు చూసుకోవాల్సింది సరుకు ఎవరిదన్న సంగతి. అమ్ముడుపోతుందో లేదో తెలియని సరుకు తెచ్చి ఇంట్లో పేర్చుకుంటే ఉన్న కాస్త డబ్బూ అందులోనే ఇరుక్కుంటుంది. బట్టలు సరిచేసే పనిలో ఆ గొడవ లేదు. బట్ట వాళ్ళే తెస్తారు, తీసుకెళ్ళేటప్పుడు కూలి ఇచ్చి వెళ్తారు. మధ్యలో మీవి ఖర్చయ్యేవి దారం, సూది, సమయం. ఈ పనికి తప్పనిసరిగా కొనాల్సిన పెద్ద వస్తువు ఒక్కటే, కుట్టు మిషన్. అందులోనూ ఇక్కడ సమీక్షిస్తున్నది కొత్తది కాదు: సాదా కుట్టు మాత్రమే వేసే, బరువైన, నల్లటి పాత ఇనుప మిషన్. 15వ క్లాసు రకం.

దీని మూలం సింగర్ కంపెనీ 1879లో తెచ్చిన నమూనా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో ఎన్నో కంపెనీలు దీన్నే తమ తమ పేర్లతో తయారుచేశాయి, ఇతర దేశాల్లోనూ చేశారు. దానివల్ల ఇవాళ కొనేవాళ్ళకి పెద్ద మేలు జరిగింది. మిషన్ మీద ఏ పేరున్నా బాబిన్ (కింది దారం చుట్టే చిన్న కండె), దాన్ని పెట్టే బాబిన్ కేసు, సూది, గుడ్డని పైనుంచి నొక్కి పట్టే పాదం చాలావరకు ఒకే కొలతలో దొరుకుతాయి. సూది పొట్లం మీద 130/705 హెచ్ అని ఉన్నా, 15×1 అని ఉన్నా, హెచ్ఏ×1 అని ఉన్నా ఈ మిషన్‌కి పడేదే. బాబిన్‌కి '15వ క్లాసు' అని అడిగితే చాలు.

తీర్పు ముందే చెప్పేస్తాం. ప్యాంటు పొడవు తగ్గించడం, నడుము సరిచేయడం, జిప్ మార్చడం, చొక్కా పక్కలు టైట్ చేయడం, విడిపోయిన కుట్టు మళ్ళీ వేయడం, కర్టెన్లు, దిండు గలీబులు కుట్టడం: ఈ పనులకి ఇది తేలికపాటి కొత్త ప్లాస్టిక్ మిషన్ కన్నా మంచిది. బరువు వల్ల కదలదు. జీన్స్ మందం మీద సూది తడబడదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. జిగ్‌జాగ్ మిషన్‌లో సూది కుడిఎడమలకి ఊగాలి కాబట్టి సూది పలకలో వెడల్పాటి గాడి ఉంటుంది. పలుచటి బట్ట మొదట్లోనే ఆ గాడిలోకి దిగిపోయి నలుగుతుంది. సాదా మిషన్ పలకలో ఉండేది చిన్న గుండ్రటి రంధ్రం. బట్ట చదునుగా నిలబడుతుంది, కుట్టు సూటిగా పడుతుంది. సాగే బట్టలకి మాత్రం ఈ మిషన్ పనికిరాదు. ఆ సంగతి కిందకి వస్తుంది.

వాయిదాల మీద కొత్త మిషన్ తెచ్చుకోవచ్చు కదా అంటారు. వాయిదాల పద్ధతి ఈ మిషన్లకి కొత్తేమీ కాదు, సింగర్ 1856లోనే మొదలుపెట్టింది. కానీ పని ఎంత వస్తుందో తెలియని మొదటి నెలల్లో ప్రతి నెలా కట్టాల్సిన బాకీ నెత్తిన ఉంటే, చేతకాని పనులు కూడా ఒప్పుకుని బట్టలు పాడుచేసుకుంటారు. ఇంట్లోనో, తెలిసినవాళ్ళ దగ్గరో మూలన పడి ఉన్న మిషన్ అడిగి తెచ్చుకోండి. అలా దొరక్కపోతే పాతది కొనండి.

కొనే ముందు చూడాల్సినవి

మీతోపాటు ఒక కొత్త 90/14 సూది, రెండు రంగుల దారాలు, రెండు మూడు నూలు గుడ్డ ముక్కలు పట్టుకెళ్ళండి. ముందు దారం లేకుండా చక్రాన్ని చేత్తో మీవైపు తిప్పండి. మీవైపే, వెనక్కి కాదు. వెనక్కి తిప్పితే దారం షటిల్లో, అంటే బాబిన్ కేసు చుట్టూ ఆడుతూ పై దారాన్ని పట్టే కొక్కెంలో, చిక్కుపడుతుంది. ఒక చుట్టు మొత్తం ఒకే బరువుతో తిరగాలి. అంతటా బిగుతుగా ఉంటే అది ఎండిపోయిన నూనె, భయం లేదు, శుభ్రం చేస్తే వదులుతుంది. ఒకే చోట టక్కున ఆగుతుంటే, ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు వస్తుంటే, లోపల ఏదో వంగింది. అది వదిలేయండి.

తర్వాత పాదం దించి, దారం లేకుండానే గుడ్డ పెట్టి తొక్కండి. మీరు లాగకుండా గుడ్డ దానంతట అది సూటిగా వెనక్కి జరగాలి. పక్కకి పోతుంటే పాదం వంగి ఉండొచ్చు, పాదం మారిస్తే సరిపోతుంది. అసలు జరగకపోతే కింద గుడ్డని జరిపే పళ్ళు అరిగాయా, పళ్ళ మధ్య దుమ్ము గట్టిగా పేరుకుందా చూడండి. దుమ్మైతే గీకితే పోతుంది. అరిగిన పళ్ళు మార్చాలి.

బాబిన్ కేసు బయటికి తీసి, షటిల్ కొన మీద గోరు ఆనించి లాగండి. గోరు ఎక్కడా గీసుకోకూడదు. సూది పలక రంధ్రం చుట్టూ కూడా అలాగే చూడండి. సూదులు విరిగినప్పుడల్లా అక్కడ చిన్న చిన్న గాట్లు పడతాయి, అవే ఆ తర్వాత దారాన్ని కోస్తాయి. తేలికపాటి గాట్లయితే 600 నంబరు ఎమెరీ కాగితంతో రుద్ది నున్నగా చేయొచ్చు. షటిల్ కొన మొండిపోయి ఉంటే రుద్దడం వల్ల లాభం లేదు, షటిల్ కొత్తది వేయాలి.

ఇప్పుడు పైన ఒక రంగు, కింద ఒక రంగు దారం పెట్టి, రెండు మడతల గుడ్డ మీద ఓ 25 సెం.మీ. కుట్టండి. పైనుంచి చూస్తే పై దారమే, కిందనుంచి చూస్తే కింది దారమే కనబడాలి. కుట్లు పూర్తిగా తప్పుతుంటే వెంటనే మిషన్‌ని తప్పుపట్టకండి. సూది తిరగబడి ఉందేమో ముందు చూడండి. సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది, దారం ఆ గాడి వైపు నుంచే కంట్లోకి వెళ్ళాలి. సూది పక్కన ఉన్న చివరి దారం కొక్కెం ఏ వైపు ఉంటే గాడి ఆ వైపుకి ఉండాలి. పాత మిషన్లలో కొన్నింటికి కుడివైపు, కొన్నింటికి ఎడమవైపు వస్తుంది కాబట్టి అలవాటు మీద పెట్టేస్తే పొరపాటవుతుంది. సూది సరిగ్గానే ఉన్నా కుట్టు పడకపోతే టైమింగ్ తప్పిందన్నమాట. సూది అడుగుదాకా దిగి తిరిగి సుమారు 2 మి.మీ. పైకి లేచేసరికి షటిల్ కొన సరిగ్గా సూది వెనక్కి, కంటికి కాస్త పైన ఉండాలి. సూది రాడ్ స్క్రూ వదులై కిందికో పైకో జారితే ఈ లెక్క తప్పుతుంది. తెలిసినవాళ్ళకి ఇది చిన్న పనే. కానీ కొత్తవాళ్ళు ఇలాంటి మిషన్ తీసుకోకపోవడమే నయం.

చేతి మిషన్, తొక్కుడు మిషన్, మోటారు మిషన్ మూడూ కనబడితే తొక్కుడు మిషన్ తీసుకోండి. చేతి మిషన్‌తో ఒక చెయ్యి చక్రానికే సరి, రెండో చేత్తో ప్యాంటు కాలు గుండ్రంగా తిప్పుతూ కుట్టడం నరకం. పాత మోటారుకి తీగల మీది తొడుగు ఎండి పెళుసెక్కుతుంది. వంచితే పగుళ్ళు కనబడితే ప్లగ్గులో పెట్టనే పెట్టకండి, తీగలు మార్పించాకే వాడాలి. తొక్కుడు మిషన్‌కి ఉన్న బాధ ఒక్కటే, తోలు బెల్టు సాగి జారడం. ఒక్కోసారి సెంటీమీటరు చొప్పున కోసి మళ్ళీ కలపండి. ఒకేసారి ఎక్కువ కోసేస్తే బిగుసుకుపోయి కాళ్ళు లాగేస్తాయి.

ఇంటికి తెచ్చాక

మొదటిరోజు కుట్టకండి. సూది పలక విప్పి పళ్ళ మధ్య, బాబిన్ కేసు వెనక పేరుకున్న దూదిని బ్రష్షుతో తీయండి. ఎండిన నూనె ఉన్న కీళ్ళన్నిటికీ రెండేసి చుక్కలు కిరోసిన్ వేసి, చక్రం చేత్తో తిప్పుతూ కొన్ని గంటలు వదిలేయండి. కిటికీలు తీసి ఉంచాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. నల్లగా కారిందంతా తుడిచేశాక కుట్టు మిషన్ నూనె ప్రతి రంధ్రంలో ఒక్కో చుక్క. కిరోసిన్ మురికిని కరిగిస్తుందే కానీ నూనె పని చేయదు, అలాగే వదిలేస్తే ఇనుము అరుగుతుంది. వంటనూనె పొరపాటున కూడా వద్దు, కొన్నాళ్ళకి జిగురై మిషన్ పట్టేస్తుంది. పై దారాన్ని బిగించి పట్టే బిగువు పలకల మీద, బెల్టు మీద నూనె పడకూడదు. ఆ తర్వాత పాత గుడ్డ మీద కాసేపు కుట్టి మిగులు నూనె అంతా దానికే అంటనివ్వండి. లేదంటే మొదటి గిరాకీ తెల్ల చొక్కా మీద మచ్చ పడుతుంది. పనిలో పడ్డాక ఎనిమిది, పది గంటల కుట్టుకి ఒకసారి నూనె వేయాలి. సూది కూడా అప్పుడే మార్చేయండి.

బాబిన్ చుట్టుకునేటప్పుడు సూది ఆడకుండా ఉండటానికి చక్రం మధ్యలో ఉండే బిగింపు స్క్రూ వదులు చేస్తారు కదా, శుభ్రం చేసేటప్పుడు అది విప్పితే లోపల చెవులున్న వాషర్ ఒకటి వస్తుంది. తిరిగి పెట్టాక స్క్రూ ఎంత తిప్పినా పట్టు బిగియకపోయినా, లేదా వదలకపోయినా వాషర్‌ని అర చుట్టు తిప్పి పెట్టండి, సరిపోతుంది. మిషన్ పాడైందని ఇక్కడే చాలామంది బెంబేలెత్తుతారు.

మొదటి వారాల్లో విసిగించేది గుడ్డ కింద దారం గుత్తులు గుత్తులుగా పోగవడం. కింద కనబడుతుంది కాబట్టి తప్పు బాబిన్‌దే అనుకుని కేసు స్క్రూ తిప్పేస్తుంటారు. తప్పు పైన ఉంటుంది. పై దారం బిగువు పలకల మధ్యలోకి దిగలేదన్నమాట. పాదం దించి ఉంటే ఆ పలకలు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి పోదు. అందుకే పాదం పైకెత్తి, సూది పైకి తెచ్చి, దారం మొదటినుంచి మళ్ళీ ఎక్కించండి. కింది బిగువు సంగతి తేల్చుకోవడం తేలికే: బాబిన్ కేసుని దారం కొస పట్టుకుని వేలాడదీయండి. తన బరువుకి తాను జారకూడదు, మణికట్టు ఒక్కసారి విదిలిస్తే కొద్దిగా దిగాలి. జారుతుంటే స్క్రూ పావు చుట్టులో సగం బిగించండి. ఒకసారి అలా కుదిరాక దాన్ని ముట్టుకోకండి, మార్పులన్నీ పై డయలుతోనే చేయండి.

దారం పీచులు పీచులుగా చీలి తెగుతుంటే సూది కన్ను దారానికి చిన్నదైంది. సూది నంబరుని వందతో భాగిస్తే మిల్లీమీటర్లలో దాని లావు వస్తుంది, 90 అంటే 0.9 మి.మీ. పలుచని చొక్కాలకి 70 లేదా 80, మామూలు ప్యాంట్లకి 90, జీన్స్‌కి 100. కుట్టు పొడవు చొక్కాలకి 2.5 మి.మీ., జీన్స్ మడతకి 3 నుంచి 3.5. పలుచని గుడ్డ కుట్టు వెంబడి ముడుచుకుంటుంటే పై బిగువు తగ్గించి, కుట్టు పొడవు కూడా కొద్దిగా తగ్గించండి.

మిషన్ కన్నా ముందు ఇస్త్రీ పెట్టె

ఈ పనిలో కుట్టేది తక్కువ, విప్పేది, మడిచేది ఎక్కువ. చెయ్యి తిరిగాక మామూలు ప్యాంటు పొడవు తగ్గించడానికి సుమారు అరగంట: కొలత తీసుకుని రాసుకోవడానికి 5 నిమిషాలు, పాత కుట్టు విప్పడానికి 8, కోసి ఇస్త్రీతో మడత వేయడానికి 7, కుట్టడానికి 5, చివరి ఇస్త్రీకి, దారాలు కత్తిరించడానికి 5. మిషన్ మీద కూర్చునేది ఆ ఐదే. మిషన్‌కి ఎంత తక్కువ ఖర్చు పెడితే అంత మంచి ఇస్త్రీ పెట్టె, పదునైన కత్తెర తెచ్చుకోవచ్చు. వీటితోపాటు టేపు, సుద్ద, కుట్లు విప్పే రిప్పర్, గుండుసూదులు, సూది మీద పడేలా ఒక లైటు. దారాలు ఎనిమిది రంగులు చాలు: తెలుపు, నలుపు, ముదురు నీలం, బూడిద, లేత గోధుమ, ముదురు గోధుమ, మెరూన్, ముదురు ఆకుపచ్చ. సరిగ్గా కలిసే రంగు లేనప్పుడు గుడ్డ కన్నా ఒక ఛాయ ముదురుది వాడండి, లేతది ఎత్తి చూపిస్తుంది. విప్పేటప్పుడు ఒకవైపు నాలుగైదు కుట్లకి ఒకటి చొప్పున కోసి, రెండోవైపు దారాన్ని లాగితే మొత్తం ఒకేసారి వస్తుంది. ప్రతి కుట్టూ కోసుకుంటూ పోతే గుడ్డ కోసుకోవడం ఖాయం.

ప్యాంటు కొలత రెండు కాళ్ళకీ విడివిడిగా తీసుకోండి, చెప్పులో బూట్లో ఏవి వేసుకుంటారో అవే వేయించి. మనుషుల కాళ్ళు సమానంగా ఉంటాయని అనుకోకూడదు. కావాల్సిన గుర్తుకి కింద 4 సెం.మీ. ఉంచి మిగిలింది కోయండి: 1 సెం.మీ. లోపలికి, 3 సెం.మీ. మడత. కాలు కిందకి వచ్చేకొద్దీ సన్నబడే ప్యాంటైతే ఆ మడత అంచు పైభాగం కన్నా ఇరుకవుతుంది, బలవంతంగా కుడితే ముడతలు పడతాయి. మడత లోపల మాత్రం పక్క కుట్టు కాస్త విప్పి వదులు చేయండి. నూలు బట్ట ఒక్కసారైనా ఉతికిందా అని అడగకుండా కత్తెర పట్టకండి. కోశాక కుంచించుకుపోతే తిరిగి ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

జీన్స్‌కి అసలు అంచు పోకుండా ఉండాలని అడుగుతారు. 6 సెం.మీ. తగ్గించాలనుకోండి. కాలు బయటివైపుకి మడిచి, పాత అంచు కుట్టు పైగీత నుంచి మడత దాకా 3 సెం.మీ. ఉండేలా గుండుసూదులు పెట్టి, పాత అంచుని ఆనుకుని చుట్టూ కుట్టండి. మిగులుని 1 సెం.మీ.కి కోసి, అంచుకి చేతికుట్టు వేసి, పైకి తిప్పి ఇస్త్రీ చేస్తే అతుకు కనబడదు. పక్క కుట్లు కలిసే మందం దగ్గర పాదం ముక్కు పైకి లేచి కుట్లు తప్పుతాయి. అక్కడ పాదం వెనక అంతే మందం గుడ్డ మడిచి పెడితే పాదం సమంగా నిలుస్తుంది. ఆ నాలుగైదు కుట్లు చక్రం చేత్తో తిప్పి వేయండి.

జిప్ పట్టడం లేదని తెస్తే అన్నిసార్లూ జిప్ మార్చనక్కర్లేదు. పళ్ళు బాగుండి, స్లైడర్ దాటాక వెనక విడిపోతుంటే స్లైడర్ వదులైంది. పటకారుతో దాని వెనక అంచుల్ని రెండువైపులా కొద్దికొద్దిగా నొక్కండి. ఇలాంటివి ఉచితంగా చేసి ఇవ్వడం మంచి పద్ధతి. నడుము తగ్గించేటప్పుడు వెనక మధ్య కుట్టులో 3, 4 సెం.మీ. దాటకండి, దాటితే వెనక జేబులు ఒకదానికొకటి దగ్గరకొచ్చి ఎబ్బెట్టుగా ఉంటాయి. చొక్కా పక్కల్లో ఒక్కోవైపు కుట్టు 1 సెం.మీ. లోపలికి జరిపితే చుట్టుకొలత మొత్తం 4 తగ్గుతుందని మరవకండి.

దీంతో కానివి

టీషర్టులు, లెగ్గింగులు, ఈత దుస్తులు ఒప్పుకోవద్దు. సాదా కుట్టు సాగదు, వేసుకోగానే పటపటా తెగుతుంది. ఓవర్‌లాక్ అంచు (పోగులు రాలకుండా దారంతో చుట్టేసే కుట్టు) ఉండదు కాబట్టి పోగులు రాలే గుడ్డలకి అంచు రెండు మడతలు వేసి కుట్టాలి, లేదా ఏటవాలు పట్టీ చుట్టాలి. పని చక్కగా వస్తుంది, కానీ సమయం ఎక్కువ పడుతుంది, కూలిలో ఆ తేడా ఉండాలి. తోలు వద్దు. పూసలు, తళుకులు కుట్టిన గుడ్డలు మొదటి ఏడాది వద్దు. కొన్ని పాత నమూనాలకి వెనక్కి కుట్టే మీట ఉండదు, కుట్టు చివర గుడ్డ తిప్పి నాలుగు కుట్లు వెనక్కి వేయాలి. అలవాటైపోతుంది.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. ఇనుప మిషన్ చప్పుడు నేల గుండా పోతుంది. కాళ్ళ కింద మందపాటి రబ్బరు ముక్కలు వేయకపోతే కింది ఇంటివాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర ఉండదు. ఇంట్లోంచి పని చేయడానికి మీరున్న చోట అనుమతి ఏమైనా కావాలేమో, ఇల్లు అద్దెదైతే యజమాని ఒప్పుకుంటారో లేదో బోర్డు పెట్టకముందే కనుక్కోండి.

కూలి లెక్కకి నిమిషాలే ఆధారం. గంటకి మీకు ఎంత రావాలో ఒక అంకె వేసుకోండి, అరగంట పనికి అందులో సగం, దాని మీద పదో వంతు దారానికి, సూదులకి, నూనెకి, ఇస్త్రీ కరెంటుకి. జిప్, బొత్తాలు వంటివి విడిగా, వాటి డబ్బు మాత్రం ముందే తీసుకోండి. బట్ట తీసుకునేటప్పుడే వెలుతురులో పరిచి ఇద్దరూ చూడండి. ఉన్న చిరుగులు, మచ్చలు చీటీ మీద రాసి, పేరు, తేదీ, కొలతతోపాటు బట్టకే గుచ్చండి. ఆ ఒక్క చీటీ లేకపోతే పాత మచ్చ మీ నెత్తిన పడుతుంది.

తిప్పి పంపిన పనులకి కూడా ఒక పుస్తకం పెట్టండి. సాగే బట్టలని పంపినవి, అంచుకి ఓవర్‌లాక్ కావాలని వెళ్ళిపోయినవి, ఒక్కోదానికి ఎంత కూలి వచ్చేదో అన్నీ రాయండి. మూడు నెలల తర్వాత ఆ మొత్తం పాత జిగ్‌జాగ్ మిషన్ ధరనో, ఓవర్‌లాక్ ధరనో దాటితే అప్పుడు కొనండి. దాటకపోతే ఈ ఇనుప మిషన్‌కే కొత్త బెల్టు వేయించండి.